అశోకుడు కత్తి పారేశాడా? ఎర్రగుడి బండ మీద ఉన్నదేమిటి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం ఏటా రెండు మూడు సార్లయినా వచ్చి వాలుతుంది. ఈసారి పంపింది మా బాబాయి. పైన ఒక బొమ్మ: కత్తి పక్కన పడేసి మోకాళ్ల మీద కూర్చున్న రాజు, చుట్టూ శవాలు, వెనక ఎర్రటి నది. కింద రాసిన దాని సారాంశం ఇది. కళింగ యుద్ధంలో దయానది నెత్తురుతో ఎర్రబడటం చూసి అశోకుడు ఒక్కరోజులో మారిపోయాడు. కత్తి విసిరేసి సైన్యాన్ని రద్దు చేశాడు. బౌద్ధాన్ని రాజమతం చేసి మిగతావారిని అణచివేశాడు, ఒక్కరోజే ఆజీవికులనే శాఖకు చెందిన 18,000 మంది సన్యాసులను చంపించాడు. దేశమంతటా మాంసం మాన్పించి జనాన్ని పిరికివాళ్లను చేశాడు. ఖజానా అంతా ఆరామాలకు ధారపోశాడు. అందుకే మౌర్య సామ్రాజ్యం కూలింది, విదేశీయులు వచ్చిపడ్డారు. చివర్లో, అందరికీ పంపమని వేడుకోలు.

"చదువుతుంటావుగా, ఏమంటావు?" అని బాబాయి అడిగారు. నాలుగు ముక్కలు రాసి తప్పించుకోవచ్చు. కానీ ఈ సందేశంలో ఒక తమాషా ఉంది. అశోకుణ్ణి తిట్టేవాళ్లూ, మహాత్ముడని చేతులెత్తి మొక్కేవాళ్లూ నమ్మేది ఈ ఒక్క బొమ్మనే. కత్తి పారేసిన రాజు ఒకరికి దేవుడు, ఇంకొకరికి ద్రోహి. నాకు తెలిసి అలాంటి రాజు ఆయన రాయించిన శాసనాల్లో ఎక్కడా లేడు.

ముందు సాక్ష్యం ఎక్కడుందో చెప్పుకుందాం. కళింగ యుద్ధం గురించి మనకు తెలిసిందంతా ఒకే చోటు నుంచి వచ్చింది, అది అశోకుడి పదమూడో శిలాశాసనం. దాని ప్రతులు గుజరాత్‌లోని గిర్నార్‌లో, డెహ్రాడూన్ వైపున్న కాల్సీలో, నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాల్లో ఉన్నాయి. ఒకటి మన కర్నూలు జిల్లాలో ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి, దాని దగ్గరే జొన్నగిరి. తొలకరి పడగానే జనం చేలల్లో వంగి వంగి వజ్రాలు వెతికే ప్రాంతం అది. ఆ పక్కనే గుట్ట మీది బండల నిండా బ్రాహ్మీ అక్షరాలు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఒకేచోట దొరికే స్థలం దేశం మొత్తం మీద ఇదొక్కటే. జొన్నగిరిలో ఎవరికైనా వజ్రం దొరికితే మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ బండలు వార్తల్లోకి వచ్చిన సందర్భం నాకైతే గుర్తు లేదు.

ఇక సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

"నది ఎర్రబడింది, ఒక్కరోజులో మారిపోయాడు"

శాసనంలో దయానది పేరు లేదు. రాజు యుద్ధరంగంలో నడిచిన దృశ్యమూ, పిల్లవాడి శవంతో ఎదురుపడిన తల్లీ లేరు. ఉన్నవి అంకెలు. కాల్సీ ప్రతిలో మూడు చిన్న మాటలు వరసగా వస్తాయి: అపవుఢే, హతే, మటే. లక్షన్నర మంది అక్కడి నుంచి తరలించబడ్డారు, లక్ష మంది చంపబడ్డారు, అంతకు ఎన్నో రెట్లు మంది చచ్చిపోయారు. మూడోది చూడండి. చంపబడినవారిని వేరుగా చెప్పాక, చచ్చినవారిని మళ్లీ వేరుగా చెప్పాడు. యుద్ధం వెనకాల వచ్చే ఆకలికీ, రోగాలకీ పోయినవారు కాబోలు. గెలిచిన రాజు తన చేతుల మీదుగా జరిగిన చావులను ఇలా పద్దుల వారీగా బండ మీద చెక్కించుకోవడం ప్రపంచ చరిత్రలో అరుదు. ఆ తర్వాత ఆయన బాధపడేది ఎవరి గురించి? తల్లిదండ్రుల మాట వినేవారు, పెద్దలను సేవించేవారు, స్నేహితులను, బంధువులను, పనివాళ్లను మంచిగా చూసుకునేవారు ఉన్న ఇళ్ల గురించి. తాము బతికి బయటపడినా ఆప్తులకు కలిగిన ఆపద వల్ల కుమిలిపోయేవారి గురించి. అప్పుడు పోయినవారిలో నూరో వంతు, వెయ్యో వంతు మందికి మళ్లీ అలాంటిది జరిగినా తనకు భారమే అంటాడు. నెత్తుటి నది కంటే ఈ మాటలే నన్ను ఎక్కువ కదిలిస్తాయి. బొమ్మకు మాత్రం నదే కావాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆయన మారిన కథను మనకు అందించిన బౌద్ధ గ్రంథాల్లో కళింగ యుద్ధమే లేదు. సింహళంలోని మహావంశం ప్రకారం ఆయన మనసు మార్చింది నిగ్రోధుడనే ఏడేళ్ల బాలశ్రామణేరుడు, అంటే భిక్షువు కాబోయే పిల్లవాడు. సంస్కృతంలోని అశోకావదానం ప్రకారం, చెరసాలలో మరిగే కొప్పెరలో వేసినా చావని సముద్రుడనే భిక్షువు. రెండింటిలోనూ యుద్ధం ప్రసక్తి రాదు. పశ్చాత్తాపాన్నీ బౌద్ధ స్వీకారాన్నీ కలిపి ఒకే సినిమా దృశ్యంగా కుట్టింది ఈ కాలంవాళ్లే.

మరి ఒక్కరోజు సంగతి? దీనికి జవాబు ఎర్రగుడిలోనే ఉంది, చిన్న శిలాశాసనంలో. అక్కడ చెక్కినవాడు ఏ లోకంలో ఉన్నాడో కానీ, కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కాడు. నాగలి చేను చివరిదాకా పోయి వెనక్కి మళ్లినట్టు ఉంటుంది రాత. అందులో రాజు చెప్పుకున్నది ఇది: నేను ఉపాసకుణ్ణయి (ఇంట్లో ఉంటూనే బుద్ధుణ్ణి అనుసరించేవాణ్ణయి) రెండున్నర ఏళ్లు దాటింది, మొదటి ఏడాది పెద్దగా ప్రయత్నం చేయలేదు, సంఘాన్ని దగ్గరగా ఆశ్రయించాక, ఈ ఏడాదికి పైగా గట్టిగా పూనుకున్నాను. సామ్రాజ్యానికి అధిపతి తన మొదటి ఏడాది బద్ధకాన్ని బండ మీద ఒప్పుకున్నాడు. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను గెలిచాడు, పదేళ్లకు బోధగయకు వెళ్లాడు, పన్నెండేళ్లకు ధర్మశాసనాలు చెక్కించడం మొదలుపెట్టాడు, పదమూడేళ్లకు ధర్మమహామాత్రులనే అధికారులను నియమించాడు. మెల్లగా, తడబడుతూ మారిన మనిషి లెక్క ఇది.

"కత్తి విసిరేసి సైన్యాన్ని రద్దు చేశాడు"

సందేశం మొత్తం నిలబడింది ఈ మాట మీదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

సైన్యాన్ని రద్దు చేశాననీ, తగ్గించాననీ ఆయన ఏ శాసనంలోనూ చెప్పలేదు. చెప్పుకునే అలవాటు లేనివాడా అంటే, వంటింట్లో ఎన్ని జంతువులు కోస్తున్నారో కూడా ప్రజలకు చెప్పిన మనిషి. బావులు తవ్వించానని, దారుల పక్కన మర్రిచెట్లు నాటించానని, మామిడి తోపులు వేయించానని, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, వేట మాని ధర్మయాత్రలు చేస్తున్నానని, అన్నీ చెప్పుకున్నాడు. లక్షల సైన్యాన్ని ఇళ్లకు పంపి ఉంటే ఆ ఒక్కదాని గురించి నోరు మూసుకుంటాడా?

బహుశా నాలుగో శాసనంలోని "భేరీఘోష ధర్మఘోష అయింది" అన్న వాక్యం నుంచి ఈ కథ పుట్టి ఉంటుంది. మంచి వాక్యమే. కానీ దాని పక్క మాటే చదవండి: జనానికి విమానాలు, ఏనుగులు, అగ్ని జ్వాలల వంటి దివ్యరూపాలు చూపించడం. ఏనుగులు ఊరేగింపుల్లో నడుస్తున్నాయి. వాటిని ఎవరూ అడవికి వదిలేయలేదు. ఎర్రగుడి రెండో చిన్న శాసనం ఇంకా ఆసక్తికరం. ఏనుగుల మీద స్వారీ చేసేవారు, కరణాలు, రథాలు నేర్పే గురువులు, బ్రాహ్మణులు తమ తమ శిష్యులకు పాత పద్ధతి ప్రకారం నేర్పాలని అందులో ఆజ్ఞ ఉంది. ఏనుగు స్వారీ, రథాల విద్య వారసత్వంగా సాగాలని రాజు అధికారుల చేత చెప్పిస్తున్నాడు. ఇదంతా పండగ ఊరేగింపుల కోసమే అని ఎవరైనా వాదిస్తే నేను ఆపను. సైన్యం రద్దయిన రాజ్యంలో కనిపించే ఆజ్ఞ మాత్రం ఇది కాదు.

అసలు గట్టి సాక్ష్యం పశ్చాత్తాపం ప్రకటించిన ఆ పదమూడో శాసనంలోనే ఉంది. లక్ష మంది చావు గురించి బాధపడిన కొన్ని వరసల తర్వాత రాజు అడవుల్లో ఉండే ఆటవికుల వైపు తిరుగుతాడు. వాళ్లను బుజ్జగిస్తాడు, ఆలోచించుకోమంటాడు. దేవానాంప్రియుడికి (శాసనాల్లో అశోకుడు తనను చెప్పుకునే పేరు) పశ్చాత్తాపం ఉన్నా బలం కూడా ఉందని వాళ్లకు గుర్తు చేస్తాడు. తప్పులకు సిగ్గుపడండి, చంపబడకుండా ఉండండి అంటాడు. అపకారం చేసినవాణ్ణి కూడా క్షమిస్తానన్నాడు, నిజమే. "క్షమించగలిగినంత వరకు" అని ఒక ముడి వేశాడు. కొడుకులు, మనవళ్లు కొత్త యుద్ధాలు తలపెట్టకూడదన్నాడు. ఒకవేళ యుద్ధంతో గెలవాల్సివస్తే ఓర్పుతో, తేలికపాటి దండనతో సరిపెట్టుకోమన్నాడు. గుమ్మం దగ్గర కత్తి ఇంకా వేలాడుతోంది. చేయి మాత్రం దాని మీద లేదు, అంతే. అదే శాసనంలో, తన ధర్మాన్ని అనుసరిస్తున్న జనుల వరసలో యవనులు (అంటే గ్రీకులు), కాంభోజులు, భోజులతో పాటు ఆంధ్రుల పేరూ ఉంది. తన ఏలుబడి కింద ఉన్నవారి జాబితా అది. అందులో ఎవరినీ ఆయన విడిచిపెట్టలేదు. కళింగను కూడా.

మరణశిక్ష కూడా రద్దు కాలేదు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు, అంటే కళింగ జరిగిన 18 ఏళ్లకు, వేయించిన నాలుగో స్తంభశాసనంలో కొత్త సౌకర్యం ఒకటి ప్రకటించాడు: మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువు. ఆ మూడు రోజుల్లో బంధువులు అధికారులను వేడుకోవచ్చు. ఫలితం లేకపోతే దానాలు చేసి, ఉపవాసాలుండి పరలోకానికి సిద్ధపడవచ్చు. ఈ వాక్యం చదివినప్పుడల్లా ఈ మనిషి మీద నాకు గౌరవం పెరుగుతుంది, ఒళ్లు జలదరిస్తుంది కూడా. తలారి ఉద్యోగం పోలేదు, మూడు రోజులు ఆగమన్నాడు. ఐదో స్తంభశాసనంలో ఈ 26 ఏళ్లలో 25 సార్లు ఖైదీలను విడుదల చేశానంటాడు. వదలడానికి ప్రతి ఏడాదీ లోపల మనుషులున్నారన్నమాట.

"బౌద్ధాన్ని రాజమతం చేశాడు, 18,000 మంది ఆజీవికులను చంపించాడు"

బౌద్ధుడు కాడని ఎవరూ అనలేరు. బైరాట్‌లో దొరికిన శాసనంలో బుద్ధ, ధర్మ, సంఘాల మీద తన భక్తిని ఆయనే చెప్పుకున్నాడు, భిక్షువులు చదవాల్సిన పాఠాల పేర్లు కూడా సూచించాడు. సంఘాన్ని చీల్చేవారికి తెల్లబట్టలు కట్టి బయటకు పంపమని సారనాథ్, సాంచి, కౌశాంబి శాసనాల్లో హెచ్చరించాడు. ఇవి సంఘానికి సంబంధించిన మాటలు. ప్రజలందరి కోసం చెక్కించిన ధర్మశాసనాలు చూస్తే, అందులో నాలుగు ఆర్యసత్యాలు లేవు, నిర్వాణం లేదు. తల్లిదండ్రుల సేవ, బ్రాహ్మణులకూ శ్రమణులకూ దానం, పనివాళ్ల పట్ల మంచితనం, తక్కువ ఖర్చు, తక్కువ సంపాదన ఉన్నాయి. మన అమ్మమ్మలు చెప్పే మాటలే. పన్నెండో శాసనమైతే, తన మతాన్ని పొగుడుకుంటూ ఇతరుల మతాన్ని తిట్టేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడంటుంది. ఏడో స్తంభశాసనంలో ధర్మమహామాత్రుల పని ఎవరెవరి మధ్యో చెబుతూ సంఘంతో పాటు బ్రాహ్మణులు, ఆజీవికులు, నిర్గ్రంథులు, అంటే జైనులను, పేరుపేరునా లెక్కపెట్టాడు.

ఆజీవికుల సంగతికి వస్తే బిహార్‌లోని బరాబర్ కొండల దాకా వెళ్లాలి. ఏకశిలను తొలిచి, లోపలి గోడలను అద్దంలా నునుపు చేసిన గుహలవి. పట్టాభిషేకమైన 12 ఏళ్లకు ప్రియదర్శి రాజు, అంటే అశోకుడే, ఈ గుహను ఆజీవికులకు ఇచ్చాడని గుమ్మంలో రాసి ఉంది. ఆయన మనవడు దశరథుడు కూడా పక్కనే నాగార్జుని కొండలో గుహలు తొలిపించి వాళ్లకే ఇచ్చాడు. కొన్ని శాసనాల్లో "ఆజీవికేహి" అన్న మాట మీదనే ఎవరో తర్వాతి కాలంలో ఉలితో చెక్కి చెరిపే ప్రయత్నం చేశారు. వాళ్ల మీద ద్వేషం ఉన్నవాళ్లు ఉన్నారు నిజమే, గుహ ఇచ్చినవాడు మాత్రం కాదు.

మరి 18,000 అంకె ఎక్కడిది? అశోకావదానంలోది. అశోకుడు పోయిన కొన్ని వందల ఏళ్లకు కూర్పు పొందిన పుస్తకం. పుండ్రవర్ధనంలో బుద్ధుణ్ణి కించపరిచే బొమ్మ గీశారని రాజు 18,000 మందిని చంపించాడంటుంది, ఆ వెంటనే పాటలీపుత్రంలో నిర్గ్రంథి తల ఒక్కింటికి ఒక దీనారం బహుమతి ప్రకటించాడంటుంది. దీనారం రోమన్ నాణెం పేరు నుంచి వచ్చిన మాట. కుషాణుల కాలానికి గానీ మన దగ్గర వ్యాప్తిలోకి రాలేదు. అశోకుడి నాటి నాణేలు ముద్రలు కొట్టిన వెండి ముక్కలు. కథ రాసినవాడు తన జేబులోని నాణేన్ని మూడు వందల ఏళ్ల కిందటి రాజు చేతిలో పెట్టాడు. ఇదే పుస్తకం 84,000 స్తూపాలు ఒకే క్షణంలో లేచాయని, ఆ క్షణం తెలియడానికి యశస్సు అనే పెద్ద భిక్షువు చేత్తో సూర్యుణ్ణి మూశాడని చెబుతుంది. బాబాయి ఆ ముక్క పంపలేదు. తొంభైతొమ్మిది మంది అన్నదమ్ములను చంపాడన్న సింహళ కథ కూడా ఇలాంటి సరుకే; ఐదో శిలాశాసనం ఆయన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్ల బాగోగులు చూసుకోమని అధికారులకు చెబుతోంది.

అలాగని ఆయన జనం జోలికి పోని రాజని చెప్పను. నలుగురూ చేరే సమాజోత్సవాల్లో చాలావాటిని మెచ్చలేదు. జబ్బు చేసినప్పుడు, పెళ్లిళ్లప్పుడు, ప్రయాణాలప్పుడు ఆడవాళ్లు చేసే నోములూ తంతులూ అల్పమైనవని తొమ్మిదో శాసనంలో తేల్చేశాడు. ఏ ఇంటి పెద్దావిడైనా ఆ బండ ముందు నిలబడి నాలుగు దులిపి ఉంటే నాకు సంతోషమే.

"మాంసం మాన్పించాడు"

మొదటి శిలాశాసనం గిర్నార్ ప్రతిలో ఒక ముచ్చటైన వాక్యం ఉంది. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట (రాజుల లెక్కలు అలాగే ఉంటాయి). ఇప్పుడు మూడే: "ద్వో మోరా ఏకో మగో, సో పి మగో న ధువో". రెండు నెమళ్లు, ఒక లేడి, ఆ లేడి కూడా రోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటినీ చంపరు. కళింగ అయిపోయి నాలుగేళ్లు, సంఘాన్ని ఆశ్రయించి కొంతకాలం. అయినా రాజుగారి గిన్నెలో నెమలి మాంసం ఉడుకుతోంది, దాన్ని ఆయన దాచలేదు. ఐదో స్తంభశాసనంలో చంపకూడని పక్షులు, జంతువుల పట్టిక ఇచ్చాడు: చిలుకలు, గోరువంకలు, చక్రవాకాలు, గబ్బిలాలు, తాబేళ్లు. పాలిచ్చే మేకలను, గొర్రెలను, ఆరు నెలల లోపు పిల్లలను కోయవద్దన్నాడు. కొన్ని పున్నమి, అమావాస్య తిథుల్లో చేపలు పట్టకూడదు, అమ్మకూడదు అన్నాడు. అంటే మిగతా రోజుల్లో చేపల అంగడి నడుస్తూనే ఉంది. మన పట్టణాల్లో గాంధీ జయంతి నాడు మాంసం దుకాణం మూయించడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. దేశాన్ని శాకాహారం చేసిన శాసనమని దీన్ని పిలవలేం.

"ఖజానా ధారపోశాడు"

దీనికి ఒక్క ఊరు చాలు. పట్టాభిషేకమైన 20 ఏళ్లకు అశోకుడు లుంబినికి స్వయంగా వెళ్లాడు. బుద్ధుడు పుట్టిన చోటు. అక్కడ రాతిస్తంభం నిలబెట్టి, ఆ గ్రామానికి "బలి" అనే పన్ను తీసేశాడు. పంటలో రాజుకు రావలసిన భాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించాడు. తగ్గించాడు, మాఫీ చేయలేదు. తన గురువు పుట్టిన ఊరి రైతు దగ్గర కూడా ఎనిమిదో వంతు కొలిపించుకున్న రాజు ఖజానాను గాలికి వదిలాడంటే నేను నమ్మను. చివరి రోజుల్లో సగం ఉసిరికాయ తప్ప దానం చేయడానికి ఏమీ మిగల్లేదన్న కథ అందమైనదే, అది కూడా ఆ అవదానం లోనిదే.

"అందుకే సామ్రాజ్యం కూలింది, విదేశీయులు వచ్చారు"

ఈ వాదన వాట్సాప్‌లో పుట్టింది కాదని ముందే ఒప్పుకుంటాను. హేమచంద్ర రాయ్‌చౌధురి వంటి పెద్ద చరిత్రకారుడు కూడా అశోకుడి శాంతి విధానం మౌర్యుల యుద్ధపటిమను దెబ్బతీసిందని రాశారు. ఆయన కంటే ముందు హరప్రసాద్ శాస్త్రి, అశోకుడి విధానాల మీద బ్రాహ్మణుల ఆగ్రహమే మౌర్య సేనాని పుష్యమిత్రుడి తిరుగుబాటని వాదిస్తే, దాన్ని ఖండించింది కూడా రాయ్‌చౌధురే. కాబట్టి ఇది మర్యాదగా జవాబు చెప్పాల్సిన వాదనే.

అశోకుడు పోయింది క్రీ.పూ. 232 ప్రాంతంలో. చివరి మౌర్యుడు బృహద్రథుడు చచ్చింది క్రీ.పూ. 185 ప్రాంతంలో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు, రెండు తరాలు. బృహద్రథుణ్ణి చంపింది యవనుడు కాదు, సొంత సేనాని పుష్యమిత్రుడు. ఎలా చంపాడో బాణభట్టుడు హర్షచరిత్రలో ఒకే సమాసంలో చెప్పాడు: "బలదర్శన వ్యపదేశ దర్శితాశేష సైన్యః". బలం చూపిస్తానన్న నెపంతో మొత్తం సైన్యాన్ని చూపించి, ఆ కవాతులోనే రాజును నలిపేశాడు. అశోకుడు రద్దు చేశాడంటున్న సైన్యం యాభై ఏళ్ల తర్వాత "అశేషం"గా మైదానంలో నిలబడి ఉంది. రాజు పోయింది సైన్యం లేక కాదు, సైన్యం ఎదుటే.

విదేశీయుల మాట. అలెగ్జాండర్ సింధు దాటింది క్రీ.పూ. 326లో. అప్పటికి అశోకుడు పుట్టలేదు, మగధలో నందుల మహాసైన్యం ఉంది. అంతకు చాలా ముందే పారశీక రాజు దారయవహు (డేరియస్) సింధు ప్రాంతాన్ని కలుపుకున్నాడు. వాయవ్య కనుమల గుండా దండు రావడానికి మన దగ్గర అహింస ఉండాల్సిన అవసరం ఎప్పుడూ లేకపోయింది. నిజానికి అశోకుడి కాలంలోనే అటువైపు నుంచి ఎవరూ రాలేదు. సిరియా, ఈజిప్టు, మాసిడోనియా రాజుల పేర్లు ఆయన శాసనంలో స్నేహితుల్లా కనిపిస్తాయి. ఆయన తర్వాత క్రీ.పూ. 206లో మూడో ఆంటియోకస్ హిందూకుష్ దాటి వచ్చి, అక్కడి సుభగసేనుడనే రాజుతో స్నేహాన్ని పునరుద్ధరించుకుని, ఏనుగులు తీసుకుని వెళ్లాడని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ రాశాడు. అంటే అప్పటికే వాయవ్యాన్ని వేరే రాజు ఏలుతున్నాడు, అతనికీ ఏనుగులున్నాయి. రాజ్యం లోపలి నుంచి విడిపోతూ వచ్చింది. పాటలీపుత్రం నుంచి కాందహార్ దాకా, ఎర్రగుడి దాకా ఒకే గుప్పిట్లో పట్టుకోవాలంటే బలమైన వారసుడు కావాలి. అశోకుడి తర్వాతి రాజుల పేర్ల మీదే పురాణాలకూ బౌద్ధ గ్రంథాలకూ ఏకాభిప్రాయం లేదు. బాక్ట్రియా (హిందూకుష్‌కు ఉత్తరాన ఉన్న రాజ్యం) గ్రీకులు గట్టిగా లోపలికి వచ్చింది మౌర్యులు కనుమరుగయ్యే వేళకు. వాళ్లలో పేరుపడ్డ మినాండర్‌నే బౌద్ధులు మిలిందుడిగా గుర్తుపెట్టుకున్నారు. పిరికివాళ్లను చేసే మతమని తెలిస్తే ఆ యవనుడు దాని దరికి వచ్చేవాడా అని బాబాయిని అడగాలనుంది.

ఇంతవరకు తిట్టేవాళ్లకు. ఇప్పుడు మొక్కేవాళ్లకు కూడా ఒక మాట.

పశ్చాత్తాపం తెలిపే ఆ పదమూడో శాసనం కళింగలో లేదు. నేటి ఒడిశాలోని ధౌలిలో, బండలోంచి ఏనుగు ముందు భాగం బయటికి వస్తున్నట్టు చెక్కిన చోట, మిగతా శాసనాలున్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడు మాత్రం ఎత్తేశారు. గంజాం వైపు జౌగడలోనూ అంతే. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు పెట్టారు. "మనుషులందరూ నా పిల్లలు" అన్న ప్రసిద్ధ వాక్యం ఉన్నది అందులోనే. అది కళింగలోని తోసలి పట్టణపు అధికారులకు చెప్పిన మాట. కారణం లేకుండా ఎవరినీ చెరలో వేయకండి, హింసించకండి, అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, బద్ధకం వదలండి అని వాళ్లను గద్దించాడు. ఓడిపోయినవారికి మంచి పాలన ఇస్తానన్నాడు. "నేను చేసింది తప్పు" అని మాత్రం వాళ్ల ముఖం మీద చెప్పలేదు. షాబాజ్‌గఢీ వాడికి చెప్పాడు, ఎర్రగుడి వాడికి చెప్పాడు. అందువల్ల అదంతా నటన అనేవారున్నారు. నేను అంత దూరం పోను. నటించేవాడు సొంత మనవళ్లను ఉద్దేశించి యుద్ధం వద్దని రాతి మీద రాయించాల్సిన పని లేదు. పాలకుడికి కలిగిన పశ్చాత్తాపం అది. పాలనను దెబ్బతీయనంత వరకే సాగింది.

దీనికి ఆ మూడు మాటల్లో మొదటిదే రుజువు. అపవుఢే. సంస్కృతంలో ఇది అపవాహనం అనే మాట కుటుంబంలోది. అర్థశాస్త్రంలో కొత్త ఊళ్లు ఎలా కట్టాలో చెప్పే అధ్యాయం మొదటి వాక్యంలోనే ఇది కనిపిస్తుంది: "పరదేశాపవాహనేన", పరదేశం నుంచి జనాన్ని తరలించి తెచ్చి గానీ, సొంత దేశంలో కిక్కిరిసినవారిని పంపి గానీ, పాడుపడ్డ చోట్లనూ కొత్త చోట్లనూ నింపాలి. ఆ గ్రంథం ఇప్పుడున్న రూపానికి ఎప్పుడు వచ్చిందన్న వాదం ఎలా ఉన్నా, అపవాహనం రాజనీతిలో ఒక పద్ధతి, దానికి ఒక పేరు ఉంది. అడవి కొట్టి సాగు చేయడానికి చేతులు కావాలి. లక్షన్నర మంది అంటే మూడు లక్షల చేతులు.

చచ్చినవారిని ఏ రాజూ వెనక్కి తేలేడు. తరలించినవారిని తేవచ్చు. ఆయన ఇంకా పాతికేళ్లకు పైగా రాజ్యం చేశాడు, బావుల గురించి, మర్రిచెట్ల గురించి, గబ్బిలాల గురించి, సగం ఎదిగిన గొర్రెపిల్లల గురించి రాయించాడు. ఆ లక్షన్నర మందిని ఇళ్లకు పంపానని ఒక్క శాసనంలోనూ లేదు. బాబాయి, ఈసారి ఆ బొమ్మ పంపేటప్పుడు నది తీసేసి, మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని వరసగా నడిచిపోతున్నవాళ్లను గీయించండి.